గుండీలు ఏ పక్కన

ఈమధ్య మా ఇంట్లో ఎవరు ఫైటు వీడియో పెట్టినా మా ఆయన ముందు కొట్టుకునేవాళ్ళని చూడడు. కేజ్ బయట చొక్కా తొడుక్కున్న మగాడు ఎవడైనా ఉన్నాడా అని వెతుకుతాడు. వాడి గుండీలు చూసి, తల ఊపి, అప్పుడు కుర్చీలో కూర్చుంటాడు. చూసినవాళ్ళు ఈయనకి ఏదో అయిందనుకుంటారు. అయిన మాట నిజమే. మొన్న ఎండాకాలంలో అయింది.

ఏప్రిల్‌లో కంపెనీలో మెడికల్ చేసి మా ఆయన జగ్గారావుని క్రేను మీంచి దింపేశారు. ముప్పైరెండేళ్ళు షెడ్డు కప్పు కింద చిన్న కేబిన్లో కూర్చుని ఉక్కు చుట్టలు ఎత్తి దించిన మనిషి. ఎడమ కంటిలో పొర వచ్చింది, దూరం అంచనా అందదు, ఆపరేషన్ చేయించుకుని రా, అంతవరకు టూల్ రూములో కూర్చో అన్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కానీ ఈయన చెవికి అది ఇంకోలా వినబడింది. ఆపరేషన్ మాటెత్తితే చాలు, కంచం ముందు నుంచి కూడా లేచిపోయేవాడు.

"నా కంటికి ఏటీ అవ్వనేదు. ఆ డాట్రు బోర్డు మీద అచ్చరాలే సరిగ్గా నేవు," అనేవాడు.

సాయంత్రం అయిదున్నరకల్లా ఇంటికి వచ్చి కూర్చోవడం ఆయనకి చేతకాదు. షిఫ్టులు తిరిగిన మనిషి. టాటానగర్ బర్మామైన్స్‌లో మాది రెండు గదుల ఇల్లు, ముందుగదిలో నా కుట్టుమిషను, మెట్లెక్కితే డాబా. ఆయన ముందుగదికీ డాబాకీ తిరుగుతూ నా బట్టల కుప్పలు తన్నేస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మళ్ళీ ఆ మొహం చూస్తే జాలేసేది.

మా అమ్మాయి ఇంద్రాణి సంగతి కూడా చెప్పాలి. ఇరవైనాలుగేళ్ళది. కేజ్‌లో దిగి కొట్టుకుంటుంది. గుద్దొచ్చు, తన్నొచ్చు, కిందపడేసి అదిమి పట్టొచ్చు, చుట్టూ ఇనుప వల ఉంటుంది, అదీ దాని ఆట. మూడేళ్ళ కిందట మొదటిసారి కన్ను వాచి ఇంటికి వచ్చిన రోజున తండ్రి దాన్ని ఒక్క మాట అనలేదు. నాతో అన్నాడు. "ముప్పైయేళ్ళు ఎవుడి నెత్తి మీదా ఏటీ పడకుండా సూసుకున్నాన్నేను. ఇదేమో నెత్తి మీద దెబ్బలు తినడానికి ఫీజు కట్టి నేర్సుకుంతంది." అంతే. ఆ తరవాత దాని ఆట గురించి నోరెత్తలేదు. ఒక్క పోటీకి రాలేదు.

ఒకటి గెలిచింది, రెండు ఓడింది. పోటీలు పెట్టే కలకత్తా వాళ్ళు నాలుగుకే ఒప్పందం రాసుకున్నారు. నాలుగోది జూన్ పద్నాలుగున. అది కూడా పోతే ఇక పిలవబోమని మర్యాదగా చెప్పేశారు.

"ఇది పోతే ఇంక మానేత్తానమ్మా," అని ఒక మధ్యాహ్నం నాతో అంది, గోడవైపు తిరిగి పడుకుని. మా పిల్ల ఏదడిగినా హిందీలోనే సమాధానం చెప్తుంది, పోట్లాటయితే మరీను. అది తెలుగులో మాట్లాడిందంటే మాట కడుపులోంచి వచ్చిందని నాకు తెలుసు. నేను దాని వీపు నిమిరాను. మానేస్తే మంచిదే కదా అని ఒక పక్క, అది లేకపోతే ఈ పిల్ల ఏమైపోతుందో అని ఇంకో పక్క.

* * *

అవతలి పిల్ల పేరు మేమ్చా. మణిపూర్ పిల్ల. ఆమె కొట్టిన ఫైటు దొరికిందే ఒక్క వీడియో. ఎవరో అభిమాని పెట్టినది, మూడు నిమిషాలు, పైన ఒక పాట అతికించి. ఇంద్రాణి నేల మీద బోర్లా పడుకుని దాన్నే తిప్పి తిప్పి చూస్తోంది. నేను బ్లౌజు చంకలు కుడుతున్నాను. జగ్గారావు నీళ్ళ గ్లాసుతో వచ్చి దాని వెనక నిలబడ్డాడు. దేన్నయినా పైనుంచి చూడటం ఆయనకి అలవాటు.

"సరుకు ఊగిపోతంది," అన్నాడు.

"క్యా?" అంది ఇంద్రాణి తల తిప్పకుండా.

"ఆ పిల్ల సెయ్యి. అది గుద్దు కాదే. గొలుసుకి కట్టిన సరుకు ఊగినట్టు ఎనకాల నుంచి ఊగొత్తంది. ఇసిరే ముందర ఎనక కాలి మడమ లేత్తంది సూడు. మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ వేసింది. మడమ లేచింది, చెయ్యి వచ్చింది, అవతల పిల్ల కూలబడింది. ఇంకోసారి వేసింది. మళ్ళీ మడమ. నేను మిషను తొక్కడం ఆపేశాను. మూడేళ్ళలో తండ్రి ఆ ఆట గురించి కూతురితో అన్న మొదటి మాట అది.

ఇంద్రాణి లేచి కూర్చుంది. "ఊగే సరుకుని నువ్వెలా ఆపుతావు నాన్నా?" తెలుగులో అడిగింది.

"ఆపకూడదు. బ్రేకేత్తే ఇంకా ఊగుతాది. ఊపు ఎటెల్తందో క్రేను కూడా అటే నడపాల. సరుకుతో పాటు నువ్వెల్లి దాని నెత్తి మీద నిలబడితే, అదే ఆగిపోద్ది. కొత్తోళ్ళు ఎదురెల్తారు. ఎదురెల్తే కేబిన్ అదిరిపోద్ది."

ఆ రాత్రి భోజనం దగ్గర ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మెడికల్ అయ్యాక అది మొదటిసారి.

తరవాతి అయిదు వారాలు నా ముందుగది నాది కాకుండా పోయింది. నేను బ్లౌజు అచ్చులు కత్తిరించుకునే ఖాకీ కాగితం పెద్ద ముక్క తీసుకుని, నా సుద్దముక్కే తీసుకుని, దాని మీద ఆ పిల్ల పాదాలు గీశాడు. ఏ అడుగు తరవాత ఏ అడుగు, ఎక్కడ మడమ లేస్తుంది, చెయ్యి ఎక్కడికి వచ్చి ఆగుతుంది, అన్నీ. షెడ్డులో స్తంభాలకి నంబర్లున్నట్టు కేజ్‌కి కూడా నంబర్లు వేశాడు. గుద్దాక ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆలస్యమని, ఆ ఒక్క క్షణం పక్కటెముకలు ఖాళీగా ఉంటాయని కనిపెట్టాడు. ఆ పాదాల మీంచి నేను చుక్కలు పొడిచే పళ్ళచక్రం తిప్పి, కింద ఇంకో కాగితం పెట్టి, కోచ్ కోసం నకలు తీసిచ్చాను. నా చేత ఆ చాకిరీ కూడా చేయించుకున్నాడు.

కోచ్ అంటే బలరామ్. టెల్కో కాలనీ మార్కెట్లో ఒక దుకాణం మీద గది తీసుకుని నేర్పిస్తాడు. మావాళ్ళే, శ్రీకాకుళం వైపు. ఆ కాగితం చూడగానే మా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"నేను పదిసార్లు చూశాను బాబాయ్, నాకు మడమ కనబడలేదు. నీది గద్ద కన్ను," అన్నాడు. జగ్గారావు నా వైపు ఒక చూపు చూశాడు. విన్నావా అన్నట్టు.

"అయితే ఈ మేమ్చా ఎడమచేతి వాటం. సౌత్‌పా," అన్నాడు బలరామ్ వీడియో చూస్తూ. "విచిత్రం ఏంటంటే ఇందులో దెబ్బలు తినే ఆ రెండో పిల్లది కూడా ఎడమే. ఇలా ఇద్దరు పడటం తక్కువ."

"మణిపూర్లో అందరిదీ ఎడమసెయ్యేనేటి?" అన్నాను నేను సూదిలో దారం ఎక్కిస్తూ. ముగ్గురూ నవ్వారు. ఆ మాట అన్నదాన్ని అక్కడే ఒక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేది. కానీ నవ్వించానన్న సంబరంలో నేనూ ఆగలేదు.

ఎడమచేతి వాటం కాబట్టి గుద్దు ఇంద్రాణికి కుడివైపు నుంచి వస్తుంది, ఊపు ఎడమకి పోతుంది. కాబట్టి ఎడమకి అడుగు వెయ్యాలి. బలరామ్ ఎడమచేత్తో గుద్దడం సాధన చేసి మరీ దాని మీదకి వచ్చేవాడు. ఎండ తగ్గాక మా డాబా మీద నేర్పించేవారు. జగ్గారావు నీళ్ళ ట్యాంకు దిమ్మ మీద నిలబడి పైనుంచి చూసేవాడు. రైళ్ళ చప్పుడు, పక్కింటి కూలర్ల మోత, ఆయన గొంతు వినబడేది కాదు. అందుకని చేతులతోనే చెప్పేవాడు, షెడ్డులో చెప్పుకున్నట్టే. గుప్పిట బిగించి పైకెత్తితే ఆగు. చెయ్యి చాపితే అటు నడు. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తు, కిందికి పెట్టి తిప్పితే దించు.

ఇంద్రాణికి ఇవి కొత్త కాదు. మాటలు రాకముందే ఈ సైగలు వచ్చాయి దానికి. తండ్రి భుజాల మీద ఊరేగి, దిగాలనిపించినప్పుడు నోటితో అడిగేది కాదు. ఆయన కళ్ళ ముందు చిట్టి వేలు కిందికి పెట్టి గిరగిరా తిప్పేది. డాబా మీద వాళ్ళిద్దరూ మాటా పలుకూ లేకుండా చేతులూపుకుంటుంటే నేను ఆరేసిన బట్టలు తీస్తూ, మడత పెట్టిందే మళ్ళీ మడత పెడుతూ నిలబడేదాన్ని. ఏం చెప్పమంటారు, నాకు చాలా సంతోషంగా ఉండేది.

* * *

జూన్ వస్తే బళ్ళు తెరుస్తారు. నాకు యూనిఫారాల సీజను. మగపిల్లల చొక్కాలు ఒక కుప్ప, ఆడపిల్లల చొక్కాలు ఒక కుప్ప. మగవాళ్ళ చొక్కాకి ఎడమ పట్టీ పైకి వస్తుంది, గుండీలు కుడి పట్టీకి కుడతాం. ఆడపిల్లల చొక్కాకి దానికి తలకిందులు. వారం రోజులు పొద్దస్తమానం పట్టీలు కుడితే కళ్ళు మూసుకున్నా పట్టీలే కనబడతాయి.

ఫైటుకి ఇంకా తొమ్మిది రోజులుంది. మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంద్రాణి పాత ఫోను నా మిషను మీద ఉంది. అందరూ అన్నేసిసార్లు చూశారు కదా, నేను కూడా ఆ మడమ చూద్దామని వీడియో పెట్టాను. మడమ చూడలేదు. కేజ్ పక్కన గంట కొట్టే ఆయన చొక్కా చూశాను. కుడి పట్టీ పైకి ఉంది.

ఇదేమిటి, ఈ ముసలాయన వాళ్ళావిడ చొక్కా తొడుక్కొచ్చాడా అనుకున్నాను. పక్కాయన చొక్కా కూడా అంతే. వెనకాల గళ్ళ చొక్కాది కూడా అంతే. ముగ్గురికీ గడియారాలు కుడిచేతికి ఉన్నాయి. వెనక తెర మీద అక్షరాలు అప్పుడు చూశాను. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ బోర్డులన్నీ చూసే ఊరు మాది. అవేవీ కావు కాబట్టి మణిపూర్ లిపి అయి ఉంటుందని అందరం వదిలేశాం. మణిపూర్ లిపే. కాకపోతే తిరగబడి ఉంది, మాకెవరికి తెలుస్తుంది? వీడియో మొత్తం అద్దంలో చూసినట్టు తిరగేసి పెట్టారు.

అంటే ఆ పిల్లది కుడిచెయ్యి.

 అయిదు వారాలుగా నా కూతురు ఏ వైపు అడుగు వెయ్యడం నేర్చుకుందో, ఆ వైపు నుంచే గుద్దు వస్తుంది. ఎదురెళ్ళి మొహం పెట్టినట్టే. ఆ మాట వెంటనే చెప్పాలి. కానీ చెప్తే ఈయనకి ఏం మిగులుతుంది? డాక్టరు కన్ను లేదన్నాడు, బలరామ్ గద్ద కన్ను అన్నాడు, ఆ గద్ద కన్ను పట్టుకునే ఈ అయిదు వారాలు బతికాడు మనిషి.

సాయంత్రం ఆయన చెరుకురసం కట్టించుకుని వచ్చాడు, ముగ్గురికీ. వస్తూనే కబుర్లు. ఇంద్రాణి గెలిస్తే డిసెంబరులో పూనే పిల్లతో పడుతుందట, ఆ పిల్ల మోకాళ్ళతో పొడుస్తుందట, అప్పుడే ఆమెవి నాలుగు వీడియోలు చూసేశాడట. "మోకాలు లేపినోళ్ళు ఒంటి కాలి మీద ఉంతారు గదే. ఒంటి కాలి మీదున్న సరుకుని తొయ్యక్కర్నేదు, ముట్టుకుంటే సాలు," అని నవ్వాడు. నేను రసం తాగాను, నవ్వాను, ఏమీ చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. డాబా మీద పిల్ల తాడు గెంతుతున్న చప్పుడు వింటూ, దాని పళ్ళూ దవడా తలుచుకుంటూ పడుకున్నాను.

పొద్దున్న ఆయన డ్యూటీకి చొక్కా తొడుక్కుంటుంటే బీరువా అద్దం ముందుకి లాక్కెళ్ళాను.

"ఏటే, ఏలవుతంది నాకు."

"ఒక్క నిమిషం మావా. అద్దంలో నీ సొక్కా పట్టీ ఏ పక్కది పైకుందో సూడు." వీడియో ఆపిన ఫోను అద్దం పక్కన పెట్టాను. "ఇప్పుడు ఈడిది సూడు."

చూశాడు. అద్దంలో తనూ, ఫోనులో గంట కొట్టే ముసలాయనా ఒకే రకంగా ఉన్నారు. తల వంచి తన ఒంటి మీద చొక్కా చూసుకున్నాడు. మళ్ళీ ఫోను చూశాడు. మంచం మీద కూర్చున్నాడు.  షిఫ్టు బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"డాట్రు సరిగ్గానే సెప్పాడు," అన్నాడు చివరికి.

నేను గోడకి ఆనించి ఉన్న ఖాకీ కాగితం తెచ్చాను. దాన్ని తిరగేసి నేల మీద పరిచాను. సుద్ద గీతలు కిందికి పోయాయి. నా పళ్ళచక్రం పొడిచిన చుక్కలు మాత్రం ఇటువైపు కూడా లేచి ఉన్నాయి, వరసగా. అడుగులు అవే, మడమ అదే, పక్కటెముకలు ఖాళీ అయ్యే చోటు అదే. అన్నీ రెండో వైపుకి వచ్చాయి.

"కొత్తలో నేను ఒక జాకెట్టుకి రెండు సేతులూ ఎడమవే కత్తిరించీసేను. గుర్తుందా? ఏడిసేను. నాకు కుట్టు నేర్పినావిడ ఒక సెయ్యి తిరగేసి పెట్టి ఇదిగో కుడిసెయ్యి అంది. బట్టకి రెండు పక్కలా ఒకటే రంగు. నీ కన్ను తప్పు సూడ్నేదు మావా. ఆ ఈడియో పెట్టినోడు బట్ట తిరగేసి సూపించాడు, అంతే."

ఆయన వంగి చుక్కల మీద వేలు పెట్టి తడిమాడు. ఒక్కో అడుగు తడుముతూ చివరిదాకా వెళ్ళాడు. అప్పుడు లేచి, "ఇంద్రాణీ," అని కేకేశాడు. నేను చెప్తానన్నా వినలేదు. "సరుకు తప్పు కట్టింది నేను. నేనే సెప్పాల."

* * *

పిల్ల ఊరుకుంటుందా? "పాఁచ్ హఫ్తా! పాఁచ్ హఫ్తా, నాన్నా!" అని, అయిదు వారాలూ మట్టిలో పోశావని ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఫోను మంచం మీద విసిరింది. నీ వల్లే అంది, ఎవరు నేర్పమన్నారు అంది, అంతా హిందీలో. ఆయన గుమ్మం దగ్గర నిలబడి అంతా పడ్డాడు. నేను మధ్యలోకి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బలరామ్ వచ్చి తల పట్టుకున్నాడు. పోటీలు పెట్టేవాళ్ళు పట్టుకుని తీయించెయ్యకుండా అభిమానులు ఇలా వీడియోలు తిప్పి పెడతారని తెలిసి కూడా తను చూసుకోలేదన్నాడు.

అది అరిచి అరిచి అలిసిపోయాక జగ్గారావు నెమ్మదిగా అన్నాడు. "తప్పు కట్టిన సరుకు గాల్లో సర్దకూడదమ్మా. కిందకి దించీయాల. గొలుసు ఇప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ఎత్తాల. ఎంత ఏలైనా అంతే. ఎనిమిది రోజులుంది గదా."

అది ముక్కు తుడుచుకుని, ఆ తిరగేసిన కాగితం మీద కాలు పెట్టింది.

ఆ ఎనిమిది రోజులూ మా ఇంట్లో కుడి, ఎడమ అన్న మాటలు నిషేధం. ఆయనే పెట్టాడు. "కుడి అంటే దాని బుర్ర ఎడమ అంతంది, దాని కాలు ఇంకోటంతంది. మాటలొద్దు." సైగలొక్కటే. సైగ ఇచ్చేవాడు తన కుడీ ఎడమా చూసుకోడట. సరుకు ఎటు పోవాలో అటు చెయ్యి చాపుతాడట. చూసేవాడు కూడా అటే పోతాడట. ఉప్పు డబ్బా కుడి పక్కనుందని చెప్పబోయి నేను కూడా చెయ్యి చాపి చూపించేదాన్ని. మొదటి రెండు రోజులూ పిల్ల తప్పే వేసింది. మూడో రోజు పదిలో నాలుగు సరిగ్గా పడ్డాయి. బయలుదేరే నాటికి ఏడు.

"మిగతా మూడు?" అని అడిగాను.

"మిగతా మూడూ తింటుంది, పిన్నీ," అన్నాడు బలరామ్. అబద్ధం చెప్పనందుకు అతని మీద కోపం కూడా వచ్చింది నాకు.

* * *

పోటీకి ముందు బరువు తూచి చూస్తారట, అందుకని బలరామ్, ఇంద్రాణి రెండు రోజుల ముందే కలకత్తా వెళ్ళారు. మేమిద్దరం పద్నాలుగో తారీకు పొద్దున్న టాటానగర్‌లో స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. జగ్గారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. దారి పొడుగునా మాట్లాడలేదు. హౌరా దగ్గరపడుతుంటే, "రాకుండా ఉండాల్సింది," అన్నాడు. "ఓలమ్మో, ఇప్పుడా సెప్తావు?" అన్నాను.

హాల్లో కేజ్ పక్కన రెండు కుర్చీలు ఇస్తామన్నారట. ఈయన వద్దన్నాడు. అందరికన్నా పైవరసలో కూర్చున్నాం. "కిందనుంచి నాకేటీ అవుపడదు," అన్నాడు. దానికి నేనేం అనను. ముప్పైరెండేళ్ళ అలవాటు.

మేమ్చా చిన్నపిల్ల. మా పిల్లకన్నా పొట్టి, నవ్వుమొహం. ఈ పిల్లకీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది కదా అనిపించింది. గంట కొట్టగానే ఆ ఆలోచన పోయింది. మేమ్చా మడమ లేచింది, నాకు పైనుంచి స్పష్టంగా కనబడింది. ఇంద్రాణి ఎడమకి అడుగు వేసింది. అయిదు వారాల అడుగు. గుద్దు సూటిగా కనుబొమ మీద పడింది. రక్తం కారింది. నేను కళ్ళు మూసుకుని మా ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకోలేదు. ఆ రౌండులో అలా మూడుసార్లు తిన్నది పిల్ల. బలరామ్ లెక్క అక్షరాలా నిజమైంది.

విరామంలో స్టూలు మీద కూర్చోబెట్టారు. బలరామ్ ఏదో అరుస్తున్నాడు. ఆ గోలలో అతని మాట దాని చెవికి ఎక్కుతున్నట్టు లేదు. దాని మొహం మా వైపే ఉంది. అతని భుజం మీంచి పైకి చూస్తోంది. వరసలు వెతుకుతోంది.

జగ్గారావు లేచి నిలబడ్డాడు. గుప్పిట బిగించి పైకెత్తాడు. ఆగు. చూపుడువేలు కిందికి పెట్టి నెమ్మదిగా తిప్పాడు. దించు. ఒక్క క్షణం ఆగి, వేలు పైకి పెట్టి తిప్పాడు. మళ్ళీ ఎత్తు. ఆఖరున చెయ్యి బారుగా చాపి, అది పోవలసిన వైపు చూపించి, అలాగే ఉంచాడు. వెనకాయన కూర్చోమని బెంగాలీలో కసిరాడు. ఈయన కూర్చోలేదు. గంట కొట్టేదాకా ఆ చెయ్యి దించలేదు.

రెండో రౌండు మొదట్లో మేమ్చా మడమ లేచింది. ఇంద్రాణి అటు వెళ్ళింది. గుద్దు గాలిలో పోయింది, ఆ పిల్ల చెయ్యి వెనక్కి తెచ్చుకునేలోపు మా పిల్ల గుద్దు పక్కటెముకల్లో పడింది. హాలంతా ఊఁ అంది.

"తగిలిందా?" అన్నాడు ఈయన.

"సూళ్ళేదేటి?"

"ఇక్కడ లైట్లు ఎక్కువున్నాయే. మడమ సరిగ్గా అవుపడ్డం నేదు. నువ్వు సూసి సెప్పు."

అప్పటినుంచి నేను చెప్పాను. లేచింది మావా. తప్పించుకుంది. లేచింది. ఒకటి తిన్నది, పర్వాలేదు, నిలబడింది. లేచింది. మళ్ళీ పక్కటెముకలు. బ్లౌజులు కుట్టుకునే నేను, ఆ కలకత్తా జనం మధ్య గొంతు చించుకుని ఆడపిల్లల కొట్లాట ఆయనకి చదివి వినిపించాను. మూడో రౌండు చివరికి మేమ్చా ఆ చెయ్యి విసరడం మానేసింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఆ పిల్లకి ఇచ్చారు, ఇద్దరు మా పిల్లకి.

రిఫరీ ఇంద్రాణి చెయ్యి పైకెత్తాడు. అది మేమ్చాని కావిలించుకుని, ఏదో చెప్పి, ఆ తరవాత కేజ్ మధ్యలోకి వచ్చి తల పైకెత్తింది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. ఉన్న కంటితో మమ్మల్ని వెతుక్కుంది. దొరికాక చెయ్యి ముందుకి చాపి, చూపుడువేలు కిందికి పెట్టి, గిరగిరా తిప్పింది.

దించు. చిన్నప్పుడు భుజాల మీంచి అడిగినట్టే. ఈసారి పైన ఉన్నది ఆయన.

"కిందకి రమ్మంతంది," అన్నాడు జగ్గారావు. లేచాడు గానీ కదల్లేదు. కమ్మీ పట్టుకుని కేజ్ వైపు చూస్తూ నిలబడ్డాడు. నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"సెయ్యి అవుపడింది నాకు. మొహం అవుపడ్డం నేదే పద్మా. నవ్వుతందా?"

 "నవ్వుతంది మావా. పళ్ళకి అడ్డం పెట్టుకున్న రబ్బరు బిళ్ళ కూడా తియ్యకుండా నవ్వుతంది."

ఆయన తల ఊపాడు. నా భుజం మీద చెయ్యి వేసి మొదటి మెట్టు దిగాడు. అది దిగి, రెండోది కాలితో తడుముకుంటూ, "సోమారం ఆ కళ్ళ డాట్రు దగ్గర నా పేరు రాయించీ," అన్నాడు.